జీఆర్‌ఈ ప్రిపరేషన్: మ్యాథ్స్‌కి ఎంత, వర్బల్‌కి ఎంత?

విదేశాల్లో పీజీ చదువులకు అడిగే జీఆర్‌ఈ పరీక్ష రాయాలనుకునేవాళ్లు మొదట వేసుకునే టైమ్‌టేబుల్ దాదాపు అందరిదీ ఒకేలా ఉంటుంది. పొద్దున గంట మ్యాథ్స్, సాయంత్రం గంట వర్బల్, అంటే ఇంగ్లిష్ భాగం. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. రెండు వారాలు తిరిగేసరికి అందులో ఒక్కటే మిగులుతుంది, అదీ ముందునుంచీ బాగా వచ్చిన సబ్జెక్టే. లెక్కలు వచ్చినవాళ్లు లెక్కలే చేస్తూ కూర్చుంటారు. జవాబు సరిపోయిన ప్రతిసారీ ఓ చిన్న సంతోషం మరి. చదివే అలవాటున్నవాళ్లు పదాల జాబితాలు తిరగేస్తూ ప్రాబబిలిటీని రేపటికి నెట్టేస్తుంటారు.

రోజుని సగం సగం పంచడంలోనే చిక్కుంది. ఈ రెండూ పెరిగే తీరు వేరు. మ్యాథ్స్‌లో ఒక టాపిక్ మీద మూడు రోజులు గట్టిగా కూర్చుంటే ఆ ప్రశ్నలు అప్పటికప్పుడే సరిగ్గా రావడం మొదలవుతుంది. వర్బల్ అలా లొంగదు. వారం తిండి అంతా ఆదివారం ఒక్కరోజే తిన్నట్టు చదివితే ఒంటబట్టదు. కాబట్టి మ్యాథ్స్‌కి వారంలో కొన్నిసార్లు పెద్ద సిట్టింగులు, వర్బల్‌కి ప్రతిరోజూ చిన్న సిట్టింగులు ఇవ్వండి. ఏది ఎంత అనేది మాత్రం మీ స్కోరు చూసి తేల్చుకోవాలి.

1. పరీక్ష ఎలా ఉంటుందో ముందు చూసుకోండి

2023 సెప్టెంబరు నుంచి జీఆర్‌ఈ చిన్నదైంది. ఇప్పుడు మొత్తం గంటా 58 నిమిషాలే. మొదట 30 నిమిషాల వ్యాసం ఒకటి. తర్వాత వర్బల్ రెండు సెక్షన్లు: 18 నిమిషాల్లో 12 ప్రశ్నలు, 23 నిమిషాల్లో 15. క్వాంట్, అంటే మ్యాథ్స్, రెండు సెక్షన్లు: 21 నిమిషాల్లో 12, 26 నిమిషాల్లో 15. వర్బల్, క్వాంట్ సెక్షన్లు ఏ వరుసలోనైనా రావచ్చు. మధ్యలో బ్రేక్ ఉండదు. ఒక్కో దానికి స్కోరు 130 నుంచి 170 వరకు.

ఇందులో మన పంపకానికి పనికొచ్చే సంగతులు రెండున్నాయి. మొదటిది, క్వాంట్‌లోనైనా వర్బల్‌లోనైనా మొదటి సెక్షన్ ఎలా రాశారన్నదాన్ని బట్టే రెండో సెక్షన్ కష్టం మారుతుంది. కాబట్టి ఏదో ఒకదాన్ని గాలికి వదిలేస్తే ఆ దెబ్బ మొదటి సెక్షన్‌తో ఆగదు. రెండోది, తప్పు జవాబుకు మార్కు కోయరు. ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకండి.

బిజినెస్ కోర్సుల కోసం జీమ్యాట్ రాసేవాళ్లకు లెక్క కాస్త వేరు. అక్కడ క్వాంట్, వర్బల్, డేటా ఇన్‌సైట్స్ అని మూడు సెక్షన్లు, ఒక్కోటి 45 నిమిషాలు. డేటా ఇన్‌సైట్స్‌లో చదవడం, లెక్కలు రెండూ కలిసే ఉంటాయి కాబట్టి ఒకదాన్ని తప్పించుకునే దారే లేదు. కింద చెప్పే పద్ధతి దానికీ పనికొస్తుంది.

2. చదవడం మొదలుపెట్టకముందే ఒక టెస్ట్ రాయండి

పరీక్ష పెట్టే ఈటీఎస్ సంస్థ పవర్‌ప్రెప్ అనే పేరుతో రెండు పూర్తి టెస్టులు ఉచితంగా ఇస్తుంది. ఒకటి ఇప్పుడే రాసేయండి. "ఇంకా ఏమీ చదవలేదు, ఇప్పుడు రాస్తే టెస్ట్ వేస్ట్" అనిపిస్తుంది. కానీ ఎక్కడున్నారో తెలియకుండా వేసే టైమ్‌టేబుల్ ఎంత అందంగా ఉన్నా ఊహే. రెండోది పరీక్షకు పది పన్నెండు రోజుల ముందుకు దాచుకోండి.

రాసేటప్పుడు ఫోన్ పక్కన పెట్టండి, టైమర్ ఆపకండి, మధ్యలో లేవకండి. స్కోరు వచ్చాక దాన్ని అంతటితో వదిలేయకుండా ప్రశ్నల వారీగా చూడండి. క్వాంట్‌లో తప్పులు ఏ టాపిక్‌లో పడ్డాయి? అరిథ్‌మెటిక్, ఆల్జీబ్రా, జామెట్రీ, డేటా అనాలిసిస్‌లలో ఏది? వర్బల్‌లో ఖాళీలు పూరించేవా, ప్యాసేజ్ చదివి జవాబివ్వాల్సిన రీడింగ్ కాంప్రహెన్షన్‌వా? ఏ సెక్షన్‌లో చివరి ప్రశ్నలు హడావుడిగా గుడ్డిగా నొక్కారు?

3. మీకు కావాల్సిన స్కోరు ఎంతో రాసుకోండి

ఇక్కడ చాలామంది పొరబడతారు. క్వాంట్‌లో 160, వర్బల్‌లో 160 ఒకే విలువ అనుకుంటారు. వర్బల్‌లో 160 తెచ్చుకుంటే రాసినవాళ్లలో నూటికి ఎనభై మందికి పైగా మీ వెనక ఉంటారు. క్వాంట్‌లో అదే 160తో మీ వెనక ఉండేది సగం మంది దగ్గర మాత్రమే. ప్రపంచవ్యాప్తంగా ఇంజినీరింగ్, సైన్స్ వైపు వెళ్లేవాళ్లు పెద్ద సంఖ్యలో ఈ పరీక్ష రాయడం వల్ల క్వాంట్ పైమెట్ల మీద రద్దీ ఎక్కువ. కాబట్టి స్కోరుతో పాటు పర్సంటైల్, అంటే నూటికి ఎంతమంది మీ వెనక ఉన్నారో చెప్పే లెక్క, కూడా చూడండి.

తర్వాత మీరు అప్లై చేసే డిపార్ట్‌మెంట్ల పేజీలు ఒక్కొక్కటే తెరవండి. యూనివర్సిటీ పేజీ చాలదు, డిపార్ట్‌మెంట్ పేజీ చూడాలి. కొన్ని అసలు జీఆర్‌ఈ అడగవు, కొన్ని ఇష్టమైతే పంపమంటాయి, కొన్ని తమ దగ్గర చేరినవాళ్ల సగటు స్కోర్లు ఇస్తాయి. ఇంజినీరింగ్‌కు సాధారణంగా క్వాంట్ మీద చూపు ఎక్కువ, సాహిత్యం, చరిత్ర లాంటివాటికి వర్బల్, వ్యాసం మీద ఎక్కువ. ఆ సగటుకు ఒకటి రెండు పాయింట్లు పైన మీ టార్గెట్ పెట్టుకుని, అందులోంచి ఇప్పటి స్కోరు తీసేయండి. మిగిలిన తేడాను బట్టే పంపకం.

4. వారానికి గంటలు పంచండి

పది నుంచి పన్నెండు వారాలు, వారానికి పన్నెండు గంటలు చేతిలో ఉన్నాయనుకుందాం. క్వాంట్‌లో టార్గెట్‌కు 3 పాయింట్లు, వర్బల్‌లో 9 పాయింట్లు తక్కువ ఉన్నారు. అలాంటప్పుడు నేనైతే వర్బల్‌కు ఏడు గంటలు, క్వాంట్‌కు నాలుగు, వ్యాసానికీ తప్పుల పుస్తకానికీ (దీని సంగతి 7లో) కలిపి ఒకటి ఇస్తాను. తేడా 3కి 9 అయినా గంటలు అదే నిష్పత్తిలో పంచను. క్వాంట్‌ను నాలుగు గంటల కంటే తగ్గిస్తే చేతి వేగం పడిపోతుంది. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి తర్వాత అంతకంత ఖర్చు పెట్టాలి.

ఆ ఏడు గంటల వర్బల్‌ను రోజుకో గంటగా ఏడు రోజులకూ పరచండి. నాలుగు గంటల క్వాంట్‌ను రెండు సిట్టింగులుగా చేయండి, లేదా గంటన్నర, గంటన్నర, గంట. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకు ఇది బాగా కుదురుతుంది. సెలవు రోజుల్లో క్వాంట్, పని రోజుల్లో వర్బల్. తేడా తిరగబడితే, అంటే క్వాంట్ బలహీనంగా ఉంటే, క్వాంట్‌కు ఏడు గంటలు ఇచ్చి మూడు నాలుగు సిట్టింగులు చేయండి. వర్బల్ మాత్రం అప్పుడు కూడా రోజూ ఉండాల్సిందే, అరగంటైనా సరే.

రోజులో ముందు ఏది? మీకు ఏది నచ్చదో అది. తల తాజాగా ఉన్నప్పుడు నచ్చినదాన్ని చేసేస్తే, నచ్చనిదానికి మిగిలేది ఆవలింతలే.

5. మ్యాథ్స్: టాపిక్ పట్టుకుని పూర్తి చేయండి

జీఆర్‌ఈ మ్యాథ్స్‌లో ట్రిగనామెట్రీ లేదు, కాల్‌క్యులస్ లేదు. స్క్రీన్ మీద కాల్‌క్యులేటర్ కూడా ఇస్తారు. ఇంజినీరింగ్ చదివినవాళ్లు ఈ మాట విని ధీమాగా ఉంటారు, ఆ ధీమా రిమైండర్ల (భాగిస్తే మిగిలే శేషాల) ప్రశ్నల దగ్గర, కనీసం ఒకటి అనే ప్రాబబిలిటీ ప్రశ్నల దగ్గర కరిగిపోతుంది. ఇక్కడ అడిగేది హైస్కూల్ లెక్కలే కానీ అడిగే తీరు వంకరగా ఉంటుంది.

ఒక ఉదాహరణ. రెండు విలువల్లో ఏది పెద్దదో తేల్చమనే క్వాంటిటేటివ్ కంపారిజన్ ప్రశ్నలో ఎక్స్ స్క్వేర్ విలువ 9 అని ఇచ్చి, ఒకవైపు ఎక్స్, ఇంకోవైపు 3 పెట్టారనుకోండి. చేయి అలవాటుకొద్దీ "రెండూ సమానం" అని నొక్కేస్తుంది. ఎక్స్ మైనస్ 3 కూడా కావచ్చు కదా. ఒక విలువతో సమానం, ఇంకో విలువతో 3 పెద్దది. అంటే "ఇచ్చిన సమాచారంతో చెప్పలేం" అనే నాలుగో ఆప్షనే జవాబు. ఇంకోటి: ఎక్స్ సున్నా కంటే పెద్దది అని చెప్పి, ఎక్స్ స్క్వేర్‌ను ఎక్స్‌తో పోల్చమంటారు. 2 పెట్టండి, స్క్వేర్ పెద్దది. 1 పెట్టండి, సమానం. సగం పెట్టండి, స్క్వేర్ చిన్నదైపోయింది. మళ్లీ అదే నాలుగో ఆప్షన్. అందుకే ఇలాంటి ప్రశ్న కనిపించగానే సున్నా, ఒకటి, భిన్నం, నెగెటివ్, పెద్ద సంఖ్య ఈ ఐదింటిలో ప్రశ్న ఒప్పుకునేవి పెట్టి చూడటం అలవాటు చేసుకోండి. కంపారిజన్ ప్రశ్నల్లో బొమ్మ ఇచ్చినా కళ్లతో కొలవకండి, జామెట్రీ బొమ్మలు స్కేలు ప్రకారం గీసినవై ఉండాలని లేదు.

ఒక సిట్టింగ్‌లో ఒకే టాపిక్ తీసుకోండి. మొదటి అరగంట టైమర్ లేకుండా సూత్రం, దాని వెనక కారణం, నాలుగైదు లెక్కలు. తర్వాత టైమర్ పెట్టి పది ప్రశ్నలు. పరీక్షలో ఒక్కో ప్రశ్నకు సుమారు నిమిషం 45 సెకన్లు వస్తాయి. రెండున్నర నిమిషాలు దాటినా దారి దొరకకపోతే ఏదో ఒకటి పెట్టి, మార్క్ చేసి ముందుకెళ్లండి. సెక్షన్‌లో సమయం మిగిలితే వెనక్కి రావచ్చు, పరీక్ష దానికి ఒప్పుకుంటుంది.

6. వర్బల్: రోజూ కొంచెం, మూడు రకాలుగా

పదాల జాబితా బట్టీ పట్టడమే వర్బల్ అనుకుంటే తల ప్రాణం తోకకు వస్తుంది, స్కోరు మాత్రం కదలదు. పదాలు కావాలి, నిజమే. రోజుకు పది పదిహేను చాలు. మరుసటి రోజు, మూడో రోజు, వారానికి, రెండు వారాలకు మళ్లీ చూడండి. చూడటమంటే చదవడం కాదు, అర్థం మూసి పెట్టి గుర్తు తెచ్చుకోవడం. మనకు తెలుసనుకున్న పదాల మీద ఇంకాస్త కన్నేసి ఉంచండి. క్వాలిఫై అంటే అర్హత సాధించడం ఒక్కటే కాదు, అన్న మాటకు షరతు తగిలించి తీవ్రత తగ్గించడం కూడా. టెంపర్ అంటే కోపమే కాదు, ఒకదాని ఉధృతిని తగ్గించడం కూడా. పరీక్షకు ఇలాంటి రెండో అర్థాలంటే మహా ఇష్టం.

ఖాళీలు పూరించే ప్రశ్నల్లో ముందు ఆప్షన్లను చేత్తో మూసేయండి. వాక్యం చదివి ఖాళీలో మీ సొంత మాట పెట్టండి, తెలుగు మాట వచ్చినా సరే. ఇంగ్లిష్ వాక్యం ఇలా ఉందనుకుందాం: "ఆయన సభల్లో గంటలకొద్దీ మాట్లాడినా, ఇంట్లోవాళ్లకు మాత్రం ఆయన ______ మనిషిగానే తెలుసు." ఆ "మాట్లాడినా"లో ఉన్న మలుపే జవాబు చెప్పేస్తోంది. ఖాళీలో "మితభాషి" పడాలి. ఇప్పుడు ఆప్షన్లు తెరిస్తే టాసిటర్న్ కనిపిస్తుంది, సరిపోతుంది. పక్కనే ఆస్టియర్ ఉంటుంది. సీరియస్ మనిషి అన్న భావం ఇచ్చి ఆశ పెడుతుంది. కానీ వాక్యం మాట్లాడటం గురించే తప్ప గంభీరత గురించి కాదు. సొంత మాట ముందే పెట్టుకున్నవాళ్లు ఇక్కడ పడిపోరు.

రెండు, మూడు ఖాళీలున్న ప్రశ్నల్లో అన్నీ సరిగ్గా పెడితేనే మార్కు, రెండు సరిపోయాయని సగం ఇవ్వరు. అందుకని మొదటి ఖాళీతోనే మొదలుపెట్టాలని లేదు, తేలిగ్గా తేలేదాన్ని ముందు తేల్చండి. ఆరు ఆప్షన్లలో రెండు ఎంచమనే సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో ఇంకో వల ఉంటుంది. ఒకదానికొకటి చక్కగా పర్యాయపదాలైన జంట కనిపిస్తుంది, వాక్యంలో మాత్రం ఇమడదు. ముందు వాక్యం, తర్వాతే జంట.

వర్బల్‌లో సుమారు సగం ప్రశ్నలు రీడింగ్‌వే. రోజూ ఇరవై నిమిషాలు సైన్స్, చరిత్ర, కళల మీద పొడవైన ఇంగ్లిష్ వ్యాసం ఏదైనా చదవండి, వార్తల హెడ్‌లైన్లు లెక్కలోకి రావు. ఒక్కో పేరా అయ్యాక ఆగి, రచయిత ఏమంటున్నాడో తెలుగులో ఒక్క ముక్కలో చెప్పుకోండి. చెప్పలేకపోతే కళ్లు అక్షరాల మీద నడిచాయి కానీ మీరు చదవలేదన్నమాట. ప్రశ్నల్లో ఎప్పుడూ, మాత్రమే, ఏదీ లేదు లాంటి గట్టి మాటలున్న ఆప్షన్లను అనుమానించండి. బయటి ప్రపంచంలో నిజమైనా ప్యాసేజ్‌లో లేనివాటిని తీసేయండి.

సమయం కూడా ఇలాగే పంచుకోవాలి. 12 ప్రశ్నల సెక్షన్‌లో సగం ఖాళీలు, సగం రీడింగ్ అనుకుంటే, ఖాళీలవి ఒక్కో నిమిషంలో తేల్చేయగలిగితే రీడింగ్‌కు 12 నిమిషాలు మిగులుతాయి. పదాలు వస్తే రీడింగ్ బాగుపడటం అంటే ఇదే.

7. రెంటికీ ఒకే తప్పుల పుస్తకం పెట్టండి

ఈ పనిని చాలామంది మొక్కుబడిగా చేస్తారు. నా మట్టుకు నాకు మొత్తం ప్రిపరేషన్‌లో ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే. ప్రతి తప్పుకు ఒక్క వరుస రాయండి: ప్రశ్న రకం, పట్టిన సమయం, తప్పు ఎందుకు జరిగింది. కారణం దగ్గర "కేర్‌లెస్" అని రాయడం నిషేధం. ఆ మాటతో రేపు ఏం చేయాలో తెలియదు. "విషయం తెలియదు", "తెలుసు, ప్రశ్న తప్పు చదివాను", "తెలుసు, టైమ్ చాలలేదు", "రెండు ఆప్షన్ల మధ్య ఊగాను" వీటిలో ఏదో రాయండి.

రెండు మూడు వారాలయ్యాక ఆ కాలమ్ చదివితే ఆశ్చర్యమేస్తుంది. క్వాంట్‌లో పోయిన మార్కుల్లో ఎన్నో లెక్క రాక పోయినవి కావు, చదవడంలో పోయినవి. "నాన్‌నెగెటివ్" అంటే సున్నా కూడా వస్తుందని మరచిపోవడం, "ఎ కంటే బి ఎంత శాతం ఎక్కువ" అని అడిగితే బి మీద శాతం కట్టడం, చివరికి ఎక్స్ కనుక్కుని ఆపేయడం, వాళ్లు అడిగింది 2ఎక్స్ అయినా. అలాంటి వరుసలు ఎక్కువుంటే ఇంకో యాభై లెక్కలు చేసినా లాభం లేదు. ప్రశ్న చివరి వాక్యం ముందు చదివి, ఏం అడిగారో కాగితం మీద రాసుకుని అప్పుడు మొదలుపెట్టడమే మందు. ఆ గంటలు వర్బల్‌కు మళ్లించవచ్చు.

8. రెండు వారాలకోసారి పంపకం మార్చండి

ఒక్క మాక్ టెస్ట్‌లో రెండు మూడు పాయింట్లు తగ్గితే టెన్షన్ పడి టైమ్‌టేబుల్ తిరగేయకండి. ఆ మాత్రం ఊగిసలాట మామూలే. వరుసగా రెండు టెస్టులు ఒకే మాట చెబితే అప్పుడు కదపండి.

ఒకటి టార్గెట్‌కు చేరిపోతే దానిని వదిలేయాలనిపిస్తుంది. వదలకండి, నిలబెట్టే స్థాయికి తగ్గించండి. క్వాంట్ అయితే వారానికి రెండుసార్లు, అన్ని టాపిక్‌లు కలిపిన ఒక పూర్తి సెక్షన్, టైమర్‌తో. వర్బల్ అయితే పాత పదాలు రోజూ పది నిమిషాలు, రోజు విడిచి రోజు రెండు ప్యాసేజ్‌లు. చివరి నెలలో వారానికో వ్యాసం రాయండి. అడిగే అవకాశమున్న వ్యాసం అంశాలన్నీ (ఇష్యూ టాపిక్‌లు) ఈటీఎస్ సైట్‌లోనే ఉంటాయి.

9. చివరి మూడు వారాలు కలిపి చేయండి

ఇంతవరకు క్వాంట్ ఒక పూట, వర్బల్ ఒక పూట. పరీక్షలో అలా ఉండదు. ప్యాసేజ్ ముగిసిన మరుక్షణం రేషియో ఎదురవుతుంది. తల ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడానికి ఒకటి రెండు ప్రశ్నలు పడుతుంది, ఆ ఒకటి రెండు ప్రశ్నలే పోతాయి. అందుకని వారానికి రెండుసార్లు వర్బల్ 18, క్వాంట్ 21, వర్బల్ 23, క్వాంట్ 26 నిమిషాలు ఆపకుండా రాయండి. మొత్తం గంటా 28 నిమిషాలు. తర్వాతిసారి క్వాంట్‌తో మొదలుపెట్టండి. వీలైతే మీ పరీక్ష ఏ వేళకు ఉందో అదే వేళకు.

చివరి నాలుగు రోజుల్లో కొత్త టాపిక్ ముట్టుకోకండి. తప్పుల పుస్తకం, పాత పదాలు, రోజుకో సెక్షన్. అంతే.

10. స్కోరు ఒకవైపే తగ్గితే

పరీక్ష అవగానే స్క్రీన్ మీద వర్బల్, క్వాంట్ స్కోర్లు కనిపిస్తాయి, వ్యాసం స్కోరు తర్వాత వస్తుంది. ఒకటి బాగా వచ్చి ఇంకోటి కుంటుపడితే మళ్లీ రాయవచ్చు. రెండు పరీక్షల మధ్య 21 రోజులుండాలి, 12 నెలల్లో ఐదుసార్లకు మించకూడదు. అయితే ఏ తేదీ స్కోరు పంపాలో మీరు ఎంచుకోవచ్చు కానీ, ఆ తేదీన వచ్చిన స్కోర్లన్నీ కలిసే వెళ్తాయి. మొదటిసారి క్వాంట్, రెండోసారి వర్బల్ తీసి ఒకే కాగితం చేయడం కుదరదు. వర్బల్ కోసమే మళ్లీ రాస్తున్నా ఆ 21 రోజుల్లో వారానికి రెండు క్వాంట్ సెక్షన్లు ఉంచుకోండి, మిగతా సమయమంతా వర్బల్‌కు ఇచ్చేయండి.